అంగన్‌వాడీలో పళ్ళు తోమించుట – ఒక విమర్శ

"పాలపళ్ళు ఎట్లాగూ ఊడిపోవునవే గదా! వాటికింత హడావుడి యెందుకు?" అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడును. చదువుకొన్న తలిదండ్రుల నోటను వినబడును, చదువురాని వారి నోటను వినబడును. మూడేండ్ల పిల్లవాని పంటిమీద గోధుమరంగు మచ్చ కనబడినచో, "చాక్లెట్లు తిన్నాడు, పురుగు పట్టింది, కొత్త పన్ను వచ్చినపుడు అదే పోతుంది" అని సరిపెట్టుకొందుము. ఆ పిల్లవాడు రాత్రి బుగ్గ పట్టుకొని ఏడ్చినపుడు లవంగతైలము పెట్టుదుము.

ఇంగ్లండులో 2025 మార్చిలో అక్కడి ప్రభుత్వము ఒక పథకమును ప్రకటించినది. పేద ప్రాంతములలోని నర్సరీలలో, బడులలో మూడు మొదలు ఐదేండ్ల వరకు వయస్సుగల పిల్లలచేత పెద్దల పర్యవేక్షణలో ప్రతిదినము పళ్ళు తోమించుట దాని సారాంశము. స్కాట్లండులో ఈ పని 2006 నుండి జరుగుచున్నది. ఇది విన్నవారిలో కొందరు "మన అంగన్‌వాడీలలో కూడ ఇట్లే చేయవలె" నన్నారు. మరికొందరు "పళ్ళు తోమించుట కూడ ప్రభుత్వము పనియేనా?" అని నవ్వినారు. ఈ రెండు మాటలను ఆధారములతో తూచి చూడవలసి యున్నది. విజయవాడ పేటలను, కృష్ణా డెల్టా గ్రామములను మనస్సులో నుంచుకొని ఆ పని చేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పాలపళ్ళ పని

పాలపళ్ళు మొత్తము ఇరువది. ఆరవ నెల మొదలు మొలచి, సుమారు రెండున్నర ఏండ్లకు పూర్తియగును. ముందుపళ్ళు ఆరు ఏడేండ్లకు ఊడును. కాని వెనుకనుండు పాలదవడపళ్ళు పది పండ్రెండేండ్ల వరకు నోటిలోనే యుండవలెను. కనుక మూడేండ్లకు పుచ్చిన దవడపన్నుతో పిల్లవాడు ఏడు ఎనిమిదేండ్లు కాపురము చేయవలసి యుండును. అన్నము నమలుటకు ఆ పళ్ళే ఆధారము. క్రింద పెరుగుచున్న స్థిరదంతమునకు చోటు పట్టియుంచునవి కూడ అవియే. అవి ముందుగా పోయినచో ప్రక్క పళ్ళు ఒరిగి, రావలసిన పన్ను వంకరగా వచ్చును.

ఇక్కడ చాలమంది ఎరుగని విషయ మొకటి కలదు. ఆరవ ఏట పాలపళ్ళ వరుసకు వెనుకగా, ఏ పన్నూ ఊడకుండనే, ఒక దవడపన్ను మొలచును. ఏదియు ఊడలేదు గనుక దానిని కూడ తలిదండ్రులు పాలపన్ననియే తలతురు. అది స్థిరదంతము. అరువది ఏండ్లు నిలువవలసిన పన్ను. అది మొలచు నాటికి నోరంతయు పుచ్చుపళ్ళతో నిండియున్నచో, దాని గతి మొదటి యేడాదిలోనే నిర్ణయమగును.

భారతదంతవైద్య మండలి 2002–03లో జరిపించిన దేశవ్యాప్తమైన సర్వేలో, ఐదేండ్ల పిల్లలలో 51.9 శాతమునకు పుచ్చుపళ్ళున్నట్లు తేలినది. పండ్రెండేండ్లవారిలో అది 53.8 శాతము, పదునైదేండ్లవారిలో 63.1 శాతము. అనగా బడిలో చేరకముందే సగముమంది పిల్లలు ఈ వ్యాధికి లోనగుచున్నారు. హైస్కూలులో "పళ్ళు – వాటి రక్షణ" అను పాఠము చెప్పు నాటికి సగము తరగతికి ఆ పాఠము ఆలస్యమైపోయినదన్నమాట.

పన్ను ఎట్లు పుచ్చును?

పంటిలో పురుగు లేదు. పూర్వము వీధులలో తిరుగుచు, చెవిలోనో బుగ్గ మీదనో గొట్టము పెట్టి, "ఇదిగో పురుగు" అని చూపి డబ్బు గుంజుకొనువారుండెడివారు. ఆ పురుగు వారి చేతిలోనిదే కాని పంటిలోనిది కాదు. పన్ను పుచ్చుటకు కారణము కంటికి కనబడని సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అను దానిని 1924లో కిలియన్ క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించినాడు.

మన తల్లులు పాలను తోడుపెట్టుదురు. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లమును విడుచును. పాలు పులిసి పెరుగగును. పంటికి అంటుకొనియుండు పాచిలో జరుగునది కూడ ఇట్టిదే. పిల్లవాడు బెల్లపుముక్కనో, బిస్కత్తునో తిన్న కొలది నిమిషములలో పాచిలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లముగా మార్చును. పంటిపై నుండు పింగాణి కాల్షియము, ఫాస్ఫేటులతో నిర్మితమైన హైడ్రాక్సి ఎపటైట్ అను ఖనిజము. పాచిలోని పి.హెచ్. సుమారు 5.5కు దిగువకు పడినచో ఈ ఖనిజము కరుగుట మొదలిడును. తరువాత లాలాజలము ఆమ్లమును విరిచి, కరిగిన ఖనిజమును తిరిగి కొంత చేర్చును. దీనికి అరగంట మొదలు గంట వరకు పట్టును. ఈ హెచ్చుతగ్గులను 1940 ప్రాంతములలో స్టీఫన్ అను దంతవైద్యుడు కొలిచి చూపినాడు.

కాబట్టి పంటికి ప్రతిదినము నష్టము, మరమ్మతు రెండును జరుగుచుండును. దినమునకు మూడుసార్లు తిన్నచో మరమ్మతుకు వ్యవధి యుండును. గంటగంటకు ఏదో ఒకటి చప్పరించినచో ఆ వ్యవధి యుండదు. చక్కెర ఎంత తిన్నామనునది యొకటే ముఖ్యము కాదు. ఎన్నిమారులు తిన్నాము, అది పంటికి ఎంతసేపు అంటుకొని యున్నది అనునవి కూడ ముఖ్యములు. స్వీడనులోని విపెహోమ్ అను చోట 1945 మొదలు 1953 వరకు జరిగిన పరిశోధనలో ఈ విషయము స్థిరపడినది. ఆ పరిశోధనను మానసిక వైకల్యముగల రోగులపై, వారి అంగీకారము లేకయే, జిగురు మిఠాయిలు తినిపించి నడిపినారు. దాని ఫలితము నిజమే. కాని అట్టి పద్ధతిని నేడు ఏ శాస్త్రజ్ఞుడును సమర్థింపడు.

ఇక ఫ్లోరైడు సంగతి. పంటి ఉపరితలమున కొద్దిపాటి ఫ్లోరైడు ఉన్నచో లాలాజలము చేయు మరమ్మతు చురుకుగా సాగును. అట్లు తిరిగి ఏర్పడిన పొర ఆమ్లమునకు మరింత తట్టుకొనును. పి.హెచ్. సుమారు 4.5 వరకు పడినగాని అది కరగదు. ఇందుకొరకు ఫ్లోరైడును మ్రింగనక్కరలేదు. పంటికి తగులుచుండిన చాలును.

మనము చేయుచున్న దేమి?

మన రాష్ట్రములో పసిపిల్లల పళ్ళకొరకు ఏమియు జరుగుట లేదనుట న్యాయము కాదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు పోయి పిల్లలను పరీక్షించవలెను. చూడవలసిన వ్యాధులలో దంతవ్యాధులు కూడ ఉన్నవి. 2014–15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము వచ్చినది. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల యున్నది. గన్నవరము దగ్గర చినఅవుటపల్లిలో మరియొక దంతవైద్య కళాశాల యున్నది. కళాశాలలవారు గ్రామములలో శిబిరములు జరుపుదురు. పిల్లలకు బ్రష్షులు, చిన్న పేస్టు గొట్టములు పంచుదురు. పెద్ద ప్లాస్టిక్ దవడను చూపి, తోముకొను విధము చెప్పి ఫోటోలు తీయించుకొందురు.

ఇవి మంచి పనులే. కాని వీటిలోని లోపమును స్పష్టముగా చెప్పవలెను. పరీక్షించుట వలన పుచ్చు బయటపడును గాని ఆగదు. వైద్యుడు టార్చిలైటు వేసి చూచి, "రెండు పుచ్చుపళ్ళు" అని కాగితముమీద వ్రాయు నాటికి జరుగవలసినది జరిగిపోయినది. శిబిరము ఏడాదికి ఒక దినము. పాచి మాత్రము ఏడాదికి మూడువందల అరువదియైదు దినములు. శిబిరములో ఇచ్చిన బ్రష్షు ఇంటికి పోయి అన్నకో అక్కకో చేరును. ఉపదేశము విన్న తల్లి తెల్లవారుజామున నాట్లకు పోవునదో, నగరములో నాలుగిండ్లలో పని చేయునదో అయినచో, మూడేండ్ల బిడ్డను కూర్చుండబెట్టి రెండు నిమిషములు తోమించుటకు ఆమెకు తీరిక ఎక్కడిది? ఉపదేశము వలన తీరిక ఉన్నవారికే మేలు జరుగును. వ్యాధి మాత్రము తీరిక లేనివారి ఇండ్లలో నిలిచిపోవును.

ఏడెనిమిదేండ్లు వచ్చువరకు పిల్లల చేతివ్రేళ్ళకు బ్రష్షును దవడ వెనుకకు త్రిప్పగల నేర్పు రాదు. వారు ముందుపళ్ళనే పదేపదే రుద్ది, పేస్టు తీయగా నున్నదని నాకి, పని అయినదందురు. అందువలన "పిల్లలకు బ్రష్షు ఇచ్చితిమి" అనుటకు, "పిల్లలచేత తోమించితిమి" అనుటకు చాల దూర మున్నది.

ఋజువు లేమి?

పర్యవేక్షణలో తోమించుట వలన నిజముగా ఫలితమున్నదా? 2002లో ప్రకటింపబడిన ఒక పరిశోధనను చూతము. స్కాట్లండులోని డండీ పరిసరములలో, పేద ప్రాంతములలోని 12 ప్రాథమిక పాఠశాలలనుండి ఐదేండ్ల వయస్సుగల 534 మంది పిల్లలను తీసికొన్నారు. ప్రతి పాఠశాలలోను చీటీ వేసినట్లుగా ఒక తరగతిని తోమించు పక్షమున, మరియొక తరగతిని పోల్చి చూచు పక్షమున చేర్చినారు. తోమించినవారు దంతవైద్యులు కారు. ఆ పేటలలోని తల్లులకే శిక్షణ నిచ్చి ఆ పని అప్పగించినారు. రెండేండ్ల తరువాత చూడగా, ఇంతకుముందు చెప్పిన ఆరేండ్ల దవడపళ్ళలో, పింగాణిని దాటి లోపలి దంతికకు చేరిన పుచ్చు తోమించిన పక్షములో 56 శాతము తక్కువగా నుండెను.

2003లో ఫ్లోరైడు పేస్టులను గురించిన డెబ్బదికి పైగా ప్రయోగములను కలిపి సమీక్షించగా, వాటి వలన పుచ్చు సగటున 24 శాతము తగ్గుచున్నదనియు, పెద్దలు దగ్గరుండి తోమించిన చోట లాభము ఎక్కువగా నున్నదనియు తేలినది. ఫ్లోరైడు లేకుండ ఉత్త బ్రష్షుతో తోమినందువలన పుచ్చు తగ్గినట్లు మాత్రము ఇంత గట్టి ఋజువులు లేవు. ఇది చాలమందికి ఆశ్చర్యము కలిగించును. బ్రష్షు పాచిని ఊడ్చును, చిగుళ్ళకు మేలు చేయును. కాని పుచ్చును అడ్డుటలో బ్రష్షుయొక్క ముఖ్యమైన పని ఫ్లోరైడును పంటికి చేర్చుటయే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఫ్లోరైడు పేస్టును అత్యవసర ఔషధముల జాబితాలో చేర్చుటకు కారణ మిదే.

స్కాట్లండులో 2003లో ఐదేండ్ల పిల్లలలో 45 శాతమునకు మాత్రమే కనబడు పుచ్చు లేకుండెను. 2018 నాటికి అట్టివారు 71 శాతమైనారు. ఐదేండ్ల పిల్లల దంతచికిత్సకగు ఖర్చు 2001–02తో పోల్చినచో 2009–10 నాటికి సగమునకు దిగువకు వచ్చినదని అంచనా వేసినారు.

అయితే విమర్శకుడు ఇక్కడ ఒక ప్రశ్న వేయవలెను. స్కాట్లండులో నర్సరీలలో తోమించుటతో పాటు పళ్ళకు ఫ్లోరైడు పూత పూయుట, తలిదండ్రులకు ఆహారమును గురించి సలహా లిచ్చుట కూడ జరిగినవి. మొత్తము లాభమును బ్రష్షు ఖాతాలోనే వేయరాదు. డండీ ప్రయోగములో పోల్చి చూచుటకు వేరొక పక్షమున్నది గనుక దాని సాక్ష్యము బలమైనది. దేశవ్యాప్తమైన అంకెలు ఆ సాక్ష్యమునకు తోడ్పడునేగాని దాని స్థానమును ఆక్రమింపలేవు. మరియు 24 శాతము తగ్గినదనగా 76 శాతము మిగిలియే యున్నదని గదా! చక్కెరను విచ్చలవిడిగా పెట్టుచు, బ్రష్షుతో లెక్క సరిచేయుదమనుకొనుట పొరపాటు.

స్కాట్లండు ధనికదేశము, మనకు దానితో పోలిక యేమి అనువారు ఫిలిప్పీన్సును చూడవచ్చును. అక్కడి ప్రభుత్వపు బడులలో పిల్లలు వరుసగా నిలిచి సబ్బుతో చేతులు కడుగుకొనుట, ఫ్లోరైడు పేస్టుతో పళ్ళు తోముకొనుట, ఏడాదికి రెండుమారులు నులిపురుగుల మందు తీసికొనుట – ఈ మూడింటిని కలిపి ఒకే పథకముగా నడపినారు. చేయించినది ఉపాధ్యాయులే. తరువాత ఇండోనేషియా, కంబోడియా, లావోస్ దేశములు కూడ ఆ మార్గమును పట్టినవి.

ఫ్లోరైడు భయము

తెలుగువారికి ఫ్లోరైడు అనగానే నల్లగొండ జ్ఞాపకము వచ్చును. వంగిన నడుములు, వంకరతిరిగిన కాళ్ళు, పసుపుగార పళ్ళు కన్నుల యెదుట నిలుచును. ఈ భయము అకారణమైనది కాదు. మన దేశములో ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రీయముగా తొలుత వర్ణించినది 1937లో. నాటి నెల్లూరు జిల్లాలోని గ్రామములలో షార్ట్ అను వైద్యుడు, ఆయన సహచరులు దానిని పరిశీలించినారు. నీటినుండి ఫ్లోరైడును పటిక, సున్నములతో తొలగించు విధానమునకు నల్లగొండ పేరే పెట్టబడినది. అట్టి గడ్డపై నుండి "పిల్లలకు ఫ్లోరైడు పేస్టు వాడుడు" అని చెప్పువాడు లెక్క చూపక తప్పదు.

లెక్క ఇది. మన దేశములో పేస్టులో ఫ్లోరైడు పదిలక్షల పాళ్ళకు 1000 పాళ్ళకు మించరాదని నిబంధన. అనగా ఒక గ్రాము పేస్టులో అధికపక్షము ఒక మిల్లిగ్రాము. మూడు మొదలు ఆరేండ్ల పిల్లలకు బఠాణీగింజంత పేస్టు చాలును. అది సుమారు పావు గ్రాము. అందులోని ఫ్లోరైడు 0.25 మిల్లిగ్రాము. మూడేండ్లలోపు వారికి బియ్యపుగింజంత చాలును. అందులో సుమారు 0.1 మిల్లిగ్రాము. పిల్లవాడు ఉమ్మక అంతయు మ్రింగినను ఇంతియే. ఇక లీటరుకు 4 మిల్లిగ్రాముల ఫ్లోరైడుగల బావినీరు దినమునకు ఒక లీటరు త్రాగిన పిల్లవానికి 4 మిల్లిగ్రాములు చేరును. అనగా మ్రింగిన బఠాణీగింజలు పదునారు! నల్లగొండ దుఃఖమునకు మూలము త్రాగునీరు. పంటిపేస్టు కాదు.

కృష్ణా డెల్టాలో బందరు, ఏలూరు, రైవస్ కాలువల వెంట, దివిసీమలో, ఆవల తెనాలి రేపల్లెల వైపున, ప్రజలు చాలవరకు కృష్ణ కాలువల నీటిని చెరువులలో నింపి త్రాగుదురు. సముద్రము దగ్గరి ఊళ్ళలో భూగర్భజలము ఉప్పన. నదీజలములో సాధారణముగా ఫ్లోరైడు స్వల్పము. కాబట్టి పేస్టు విషయమున డెల్టాకు నల్లగొండ భయము వర్తింపదు. కాని మెట్ట ప్రాంతములలో, బోరునీరు త్రాగు గ్రామములలో ఇదే మాట కన్నులు మూసికొని చెప్పరాదు. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లిగ్రాము దాటకుండుట మంచిది. వేరు నీరు లేనిచోట 1.5 వరకు సహింపవచ్చును. ముందు నీటిని పరీక్షింపవలెను, పిమ్మట పేస్టును నిర్ణయింపవలెను. కనిగిరికి, గుడివాడకు ఒకే ఉత్తరువు పంపు కార్యాలయము రెంటికిని అన్యాయము చేయును.

ఈ సందర్భమున వ్యాపారప్రకటనలను కూడ తప్పుపట్టవలెను. ప్రకటనలలో బ్రష్షు ఈ చివరినుండి ఆ చివరివరకు పేస్టును పరచి చూపుదురు. దానిని చూచి తల్లులు పిల్లల బ్రష్షుపై కూడ అంతే వేయుచున్నారు. అది బఠాణీగింజకు ఎన్నో రెట్లు. తీపిరుచి, పండ్ల వాసన గల పేస్టును పిల్లవాడు మిఠాయివలె మ్రింగును. పేస్టు గొట్టమును పెద్దల చేతిలో నుంచుట పర్యవేక్షణలో మొదటి నియమము.

పందుంపుల్ల, కచ్చిక, పొడి

"మా తాతలు పందుంపుల్లతో తోముకొని ఎనుబదియేండ్లకు చెరకు నమిలినారు" అను వాదము డెల్టాలో ప్రతి అరుగుమీదను వినవచ్చును. ఈ వాదములో కొంత సత్యమున్నది. వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలను చక్కగా నమిలి కుంచె చేసి తోమినచో పాచి పోవును. కాని తాతగారి పళ్ళను రక్షించినది పుల్ల ఒక్కటే కాదు. ఆయన బాల్యములో బిస్కత్తు పొట్లములు లేవు, పిప్పరమెంట్లు లేవు. తీపి పండుగనాడు, పెండ్లినాడు తిన్నాడు. బందరు లడ్డు ఏడాదికి నాలుగుమారులు తినుట వేరు, గంటకొక చాక్లెట్టు చప్పరించుట వేరు. ఆహారము మారినపుడు రక్షణోపాయము కూడ మారవలెను. పైగా, పళ్ళూడిన తాతలు అరుగుమీద కూర్చుండి పళ్ళను గూర్చి గొప్పలు చెప్పుకొనరు గదా! మిగిలినవారి సాక్ష్యమే మనకు వినబడును.

కచ్చిక, ఇటుకపొడి, ఉప్పు మొదలగునవి గరుకు పదార్థములు. ఇవి పళ్ళను తెల్లగా చేయునట్లు కనబడును గాని పింగాణిని అరగదీయును. పాలపళ్ళ పింగాణి స్థిరదంతముల పింగాణికంటె పలుచన. పసిపిల్లలకు వీటిని వాడరాదు.

ఆచరణలో చిక్కులు

ఇక అంగన్‌వాడీకి వత్తము. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. నేడు మన రాష్ట్రములో సుమారు 55 వేల అంగన్‌వాడీ కేంద్రములున్నవి. మూడు మొదలు ఆరేండ్ల పిల్లలు ప్రతిదినము ఒకచోట చేరు స్థలము మరియొకటి లేదు. పిల్లలు భోజనము చేయునది అక్కడనే. చేతులు కడుగుకొనుట నేర్చునది అక్కడనే. పసిపిల్లలకు చదువుకంటె ముందు చేతిపనులు, శుభ్రత నేర్పవలెనను మాంటిసోరి పద్ధతి విజయవాడకు కొత్తది కాదు. కోటేశ్వరమ్మగారు 1955లోనే ఇక్కడ మాంటిసోరి పాఠశాలను నెలకొల్పినారు. కలవారి పిల్లలకు నర్సరీలలో లభించు అలవాటు పేదపిల్లలకు అంగన్‌వాడీలో లభింపవలదా?

మొదటి చిక్కు కార్యకర్త. ఆమె బరువులు తూచవలెను, గుడ్లు లెక్కింపవలెను, గర్భిణుల జాబితా వ్రాయవలెను, ఫోనులో వివరములు ఎక్కింపవలెను. 2023 డిసెంబరులో మన రాష్ట్రపు అంగన్‌వాడీ ఉద్యోగినులు జీతములకొరకు సమ్మెకు దిగి 42 దినములు సాగించినారు. అట్టి ఉద్యోగినిపై కూలి హెచ్చింపక మరియొక పని మోపి, అది జరుగనపుడు ఆమెనే నిందించుట అన్యాయము. డండీలో ఆ పేట తల్లులకు శిక్షణ నిచ్చి, వారిచేత తోమించిన సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. మన ఊళ్ళలో కూడ తల్లులు వంతులవారీగా వచ్చి పది నిమిషములు నిలువగలిగినచో కార్యకర్తకు భారము తగ్గును.

రెండవ చిక్కు నీరు. 2024 సెప్టెంబరు వరదలలో విజయవాడ సింగునగర్ ప్రాంతము త్రాగునీటికి కటకటలాడినది. ఉన్న నీటిని కూడ పొదుపుగా వాడవలసిన కేంద్రము లనేకములు. కాని తోమించుటకు నీరు ఇంచుమించు అక్కరలేదు. స్కాట్లండు నర్సరీలలో పిల్లలు బల్లచుట్టు కూర్చుండి తోముకొని, నురుగును కాగితపుముక్కలో ఉమ్మివేయుదురు. పుక్కిలింపరు. ఎందుకనగా పుక్కిలించినచో ఫ్లోరైడు కొట్టుకొని పోవును. ఇది మన అలవాటునకు విరుద్ధము. పది పుక్కిళ్ళు పట్టి, తాటాకు బద్దతో నాలుక గీసికొని, గొంతు సవరించుకొన్నగాని మనకు ముఖము కడిగినట్లుండదు. "ఉమ్మవలెను, పుక్కిలింపరాదు" అను చిన్న నియమమును నేర్పుటయే ఈ పథకములో అన్నిటికంటె కష్టమైన భాగము కావచ్చును.

మూడవది అంటువ్యాధుల భయము. బ్రష్షులన్నిటిని ఒక గ్లాసులో గ్రుచ్చినచో పథకము మేలుకు బదులు కీడు చేయును. ప్రతి బ్రష్షుకు విడిచోటు, గాలి తగులునట్లు మూతగల అర, చదువురాని పిల్లవాడు గుర్తించుటకు ఏనుగు, చేప, మామిడికాయ వంటి బొమ్మ ఉండవలెను.

ఖర్చు సంగతి. పిల్లవానికి దినమునకు పావు గ్రాము చొప్పున ఏడాదికి 250 దినములకు 62.5 గ్రాముల పేస్టు కావలెను. ఇరువదిమంది పిల్లలున్న కేంద్రమునకు 1250 గ్రాములు. నూరు గ్రాముల గొట్టములు పదమూడు. బ్రష్షును మూడు నెలలకొకమారు మార్చినచో ఎనుబది బ్రష్షులు. ఒక్క పుచ్చుపంటికి నరమువరకు చికిత్స చేయించుటకగు ఖర్చును ఏ తండ్రినైన అడిగి దీనితో పోల్చి చూచుకొనవచ్చును.

అన్నిటికంటె పెద్ద చిక్కు శాఖలది. అంగన్‌వాడీ స్త్రీశిశు సంక్షేమశాఖది. పళ్ళు చూచుట ఆరోగ్యశాఖది. బడిభోజనము విద్యాశాఖది. 2020లో బడిభోజనములో వేరుసెనగ బెల్లపు చిక్కీని చేర్చినారు. రక్తహీనతగల పిల్లలకు పోషణ ఇయ్యవలెనను ఉద్దేశము మెచ్చదగినది. కాని పంటికి అంటుకొను పదార్థములలో చిక్కీ అగ్రగణ్యము. దానిని భోజనముతో పాటు తినిపించి, తరువాత నీరు త్రాగించుట మేలా, విరామములో చప్పరించుటకు ఇచ్చుట మేలా అని ఎవరైన ఆలోచించినారా? ఒక శాఖ పెట్టిన బెల్లమును మరియొక శాఖ పంటిలో వెదకుచున్నది. మధ్య నున్న బ్రష్షు ఎవరి పద్దులోను లేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట

సైన్సు ప్రదర్శనలలో ఒక ప్రయోగము తరచు కనబడును. కోడిగ్రుడ్డు సగమునకు ఫ్లోరైడు పేస్టు పూసి, వెనిగరులో ముంచుదురు. పూయని సగమునుండి బుడగలు వచ్చును, పూసిన సగమునుండి రావు. "చూచితిరా ఫ్లోరైడు మహిమ!" అందురు. ఈ ప్రయోగము ఆ సంగతిని ఋజువు చేయదు. గ్రుడ్డు పెంకు కాల్షియము కార్బొనేటు. పింగాణి ఫాస్ఫేటు ఖనిజము. మరియు మందముగా పూసిన ఏ పేస్టయినను ఆమ్లమును పెంకునకు తగులనీయదు. అనేక పేస్టులలో సున్నపుపొడి యుండును. అదియే ఆమ్లమును విరుచును. నిజము తెలియవలెనన్నచో మూడు గ్రుడ్లు తీసికొనుడు. ఒకదానికి ఏమియు పూయవలదు. రెండవదానికి ఫ్లోరైడు లేని పేస్టు, మూడవదానికి ఫ్లోరైడు పేస్టు పూసి, మరునాడు మూడింటిని బాగుగా కడిగి వెనిగరులో వేయుడు. రెండవ, మూడవ గ్రుడ్లలో తేడా కనబడనిచో, మొదటి ప్రదర్శన ఏమి చూపినదో విద్యార్థులే చెప్పుదురు. మంచి సిద్ధాంతమును చెడ్డ ప్రయోగముతో సమర్థించుట సైన్సుకు సేవ కాదు.

విద్యార్థులు చేయదగిన మరియొక పని కలదు. ఒక వారము పాటు, తమ ఇంటనున్న చిన్న తమ్ముడో చెల్లెలో దినమునకు ఎన్నిమారులు తీపి తిన్నదియు గంటలతో సహా వ్రాయవలెను. ఎన్ని గ్రాములు అనునది అక్కరలేదు, ఎన్నిమారులు అనునది చాలును. ఆ పట్టికను తల్లికి చూపినచో అది పది ఉపన్యాసముల పెట్టు.

చేయవలసిన దేమి?

ఈ పథకమును రాష్ట్రమంతట ఒక్కసారిగా ప్రకటించి, బ్రష్షులు కొని, ప్రారంభోత్సవము జరిపినచో ఏడాదిలో అది మూలబడును. దీనికంటె మేలైన దారి కలదు. డెల్టాలో నలువది అంగన్‌వాడీలను ఎన్నుకొని, చీటీలు వేసి, ఇరువదింటిలో ఈ యేడు, మిగిలిన ఇరువదింటిలో రెండేండ్ల తరువాత తోమించుట మొదలు పెట్టవలెను. ఎవరికిని శాశ్వతముగా అన్యాయము జరుగదు. ఏ కేంద్రములో తోమించినారో తెలియని దంతవైద్యులు మొదట, చివర పిల్లల పళ్ళను చూచి లెక్కింపవలెను. వైద్యకళాశాలలు దగ్గరనే యున్నవి. పర్యవేక్షించు తల్లులకు కొంత పారితోషిక మియ్యవలెను. ఫలితము మంచిదైనచో విస్తరింపవచ్చును. కానిచో, ఎక్కడ తప్పినదో తెలిసికొనవచ్చును. స్కాట్లండులో జరిగినది గుడివాడలో కూడ జరుగునని నమ్ముటకు కారణములున్నవి. అయినను నమ్మకము వేరు, లెక్క వేరు.

అంతవరకు ఇంట చేయదగినది చేయవచ్చును. రాత్రి నిద్రకు ముందు, తల్లియో తండ్రియో బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, బఠాణీగింజంత పేస్టుతో వెనుక దవడలవరకు తోమి, ఉమ్మించి, పుక్కిలింపక పడుకొనబెట్టవలెను. నిద్రలో లాలాజలము తగ్గును గనుక రాత్రి తోముట ఉదయపు తోముటకంటె ముఖ్యము. ఆ తరువాత పాలసీసా ఇయ్యరాదు. ఆరవ ఏట వెనుకగా మొలచు పన్నును వ్రేలితో తడిమి చూచి, "ఇది ఊడునది కాదు" అని పిల్లవానికి చెప్పవలెను. ఉపాధ్యాయులు ఈ ఒక్క సంగతిని తరగతిలోని ప్రతి విద్యార్థిచేత ఇంటికి పంపగలిగినను, వేల పళ్ళు నిలుచును.